బయటి గొంతు

నల్లవాగు గని జనరల్ మేనేజరు ఆఫీసులో టీ రెండు రకాలుగా వస్తుంది. బయటినుంచి వచ్చినవాళ్లకు పింగాణీ సెట్టులో, పక్కన జీడిపప్పు బిస్కెట్లతో. కంపెనీవాళ్లకు స్టీలు గ్లాసులో, ఉత్త టీ. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఏ సర్క్యులర్‌లోనూ లేదు. అయినా ఎంత హడావుడిలో ఉన్నా అటెండరు ఈ ఒక్క విషయంలో పొరబడడు. ఆ రోజు కూడా వినోద ముందు స్టీలు గ్లాసు పెట్టి, పక్క కుర్చీలో ఉన్న కౌశిక్ ముందు పింగాణీ సెట్టు సర్ది వెళ్లాడు.

వినోద ఆ గనిలో పైకప్పుల ఇంజనీరు. నేల అడుగున బొగ్గు తవ్వేచోట నెత్తిమీది రాయి నిలుస్తుందా, కూలుతుందా చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. కౌశిక్ హైదరాబాదులోని తూనిక అనే సలహాల కంపెనీ మనిషి. గనిలో పైకప్పు కింద అతను జన్మలో నిలబడి ఎరగడు. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, ఆ గదిలో ఎవరి మాట చెల్లుతుందో ఎవరైనా చెప్పేస్తారు.

"ఏడో ప్యానెల్ ఆపాలి సార్," అంది వినోద. "పైకప్పు అలిగింది."

ప్యానెల్ అంటే గనిలో ఒక వాడ అనుకోండి. బొగ్గులో సందులు తవ్వుకుంటూ పోతారు, మధ్యమధ్య ఇల్లంతేసి దిమ్మెలను పైకప్పుకు ఆసరాగా వదిలేస్తారు. వాటిని పిల్లర్లంటారు. చివర్లో వెనక్కి వస్తూ ఆ పిల్లర్లను కూడా ఒక్కొక్కటే తవ్వేస్తారు. ఆసరా తీసేశాక పైకప్పు ఎలాగూ కూలుతుంది. మనుషులు బయటపడ్డాక కూలుతుందా, ముందే కూలుతుందా అన్నదొక్కటే తేల్చుకోవాల్సింది.

"చూడమ్మా వినోదా," అన్నాడు జి.ఎం. పురుషోత్తమరావు. "అలిగింది, మూతి ముడిచింది, ఇవన్నీ ఇంట్లో మాటలు. ఇక్కడ టెక్నికల్‌గా మాట్లాడాలి."

"మంచి పైకప్పు కర్రతో తట్టగానే ఖంగుమంటుంది సార్. విడిపోయిన పైకప్పు డొల్లగా మోగుతుంది. ఇది రెండూ కాదు. తడితే ఒక్క క్షణం ఆగి పలుకుతోంది. అలిగినవాళ్లు పిలిస్తే పలికినట్టు. పైన రెండు పొరల మధ్య ఏదో జారుతోంది. మీటర్లకు ఇంకా అందలేదు."

"మీటర్లకు అందనిది నీకందిందా?" అని జి.ఎం. నవ్వాడు. వెటకారంగా ఏమీ కాదు, ఆప్యాయంగానే. అదే ఆమెకు మరీ మంటెత్తించింది. "తూనికవాళ్ల రిపోర్టు వచ్చే నెలాఖరుదాకా ఢోకా లేదంటోంది. ఏమంటారు కౌశిక్ గారూ?"

కౌశిక్ బిస్కెట్టు కేసి చూస్తూ, "రిపోర్టులో అలాగే ఉందండీ," అన్నాడు.

పురుషోత్తమరావు చెడ్డవాడు కాడు. ఉద్యోగుల పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని మరీ అడుగుతాడు. కాకపోతే ఆయన పైన బోర్డు ఉంది. బయటివాళ్ల మాట విని చెడితే ఆ తప్పు బయటివాళ్లది. సొంతవాళ్ల మాట విని చెడితే ఆ తప్పు తనది. ఇంత తేలికైన సంగతి అర్థంకాక వినోద పద్దెనిమిదేళ్లుగా తల బాదుకుంటోంది.

పైగా ఆమెకో మచ్చ ఉంది. కొన్నేళ్ల కిందట, ప్యానెల్ ఆపే అధికారం తన చేతిలోనే ఉన్నప్పుడు, మూడో ప్యానెల్‌ను ఆపించింది. పిల్లర్లు అలాగే ఉండిపోయాయి, కాబట్టి పైకప్పు నిలిచింది. అంత బొగ్గు లోపలే పోయింది. "పడలేదు కదమ్మా?" అన్నారు ఆఫీసులో అందరూ. ఆపాం కాబట్టే పడలేదని ఆమె ఎంత మొత్తుకున్నా, పడనిదాన్ని సాక్ష్యంగా చూపించడం ఎవరివల్లా కాదు. ఆ తర్వాత ఆపే అధికారం జి.ఎం. సంతకం కిందికి పోయింది. క్యాంటీన్‌లో ఆమె వెనకాల ఆమెను "పడలేదుకదమ్మ" అంటారని కూడా ఆమెకు తెలుసు.

ఆమె స్టీలు గ్లాసు ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

*

ఏడో ప్యానెల్‌లో బొగ్గు కోసే యంత్రం నడిపేది ఆమె తమ్ముడు రాజేశం.

తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు, తల్లి రాజవ్వ ఒకే క్వార్టర్‌లో ఉంటున్నారు. వినోద పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, గనిలో ఇన్ని అలకలు తీరుస్తున్న, ఇంట్ల ఇంకోటి ఎక్కడ తీర్చను అనేది. ఆ మధ్యాహ్నం ముగ్గురూ పచ్చిపులుసు, పప్పు వేసుకుని తింటున్నారు. రాజేశానికి అదే రోజు రెండో షిఫ్టు.

"ఇయ్యాల పోకురా," అంది.

రాజేశం ముద్ద కలపడం ఆపాడు. "ఏడోదా?"

"ఊ."

"ఎన్ని దినాలు?"

"వారం నిలిస్తె ఎక్కువ."

ఎందుకు, ఎలా అని అతను అడగలేదు. అక్క నిలుస్తదంటే నిలుస్తుంది, నిలవదంటే నిలవదు. అతనికి సూర్యుడు తూర్పున పొడవడం ఎంత నిజమో అదీ అంతే. మళ్లీ ముద్ద కలుపుతూ, "నేను పోకుంటె నా జాగల బదిలీ పిలగాడు పోతడక్కా," అన్నాడు. "మొన్ననే లగ్గమైంది వానికి. నేను ఇంట్ల పండుకొని వాన్ని పంపాల్నా?"

గనిలో గ్యాంగు అంటే అదే. అందులో జాగా ఖాళీగా ఉండదు. ఒకడు పోకపోతే హాజరు పిలిచేచోట నిలబడిన బదిలీవాడు ఆ జాగాలో దిగుతాడు. తమ్ముణ్ణి ఆపడమంటే మరొకరి తమ్ముణ్ణి పంపడమే. వినోదకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసి కూడా అడిగింది. అడిగినందుకు సిగ్గేసింది, మళ్లీ అడగాలని కూడా అనిపించింది.

"అయితే అందరు ఆగుండ్రి."

"ఆగితె ఛార్జిషీటు ఇస్తరు. కొత్త గ్యాంగును దింపుతరు. ప్యానెల్ ఆగదు గదా అక్కా, మేమే మారుతం." అతను చెయ్యి కడుక్కుని లేచాడు. "వారం ఉన్నదన్నవ్ గదా. ఈ లోపట నువ్వే ఏదన్న చెయ్యాలె."

అతను సైకిలెక్కి పోతుంటే రాజవ్వ గుమ్మంలో నిలబడి, "ఏమంటున్నడే వాడు?" అని అడిగింది. వినోద ఏమీ లేదంది.

*

మర్నాడు కౌశిక్ ఆమెను వెతుక్కుంటూ క్యాంటీన్‌కు వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, కళ్ల కింద నలుపు. తనే వెళ్లి రెండు టీలు తెచ్చాడు, రెండూ గాజు గ్లాసుల్లోనే.

"మీరు చెప్పింది నిజమే అయ్యుంటుందండీ," అన్నాడు. "మా రిపోర్టు ఉత్త లెక్కల మీద రాశాం. పైకప్పుల సంగతి తెలిసిన ముద్ర మా దగ్గర లేదు."

ముద్ర సంగతి పేపర్లలో వినోద చదివే ఉంది. ఆరితేరిన మనిషి తలకు ఒక టోపీ తొడుగుతారు. ఆ మనిషి తీర్పు చెప్పాల్సిన సందర్భాలను వరసబెట్టి చూపిస్తారు, వినిపిస్తారు. చెప్పే ప్రతి తీర్పూ ఒక పెట్టెలోకి ఎక్కుతుంది. చివరికి ఆ మనిషి ఏమంటాడో పెట్టె కూడా సరిగ్గా అదే అంటుంది. తూనిక దగ్గర పేరుమోసిన గుండె డాక్టరు ముద్ర ఉంది, విమానాలు రిపేరు చేసే పెద్దాయన ముద్ర ఉంది. దేశమంతా వాటినే అడుగుతోంది.

"రిపోర్టు తప్పని మీరే రాసెయ్యొచ్చు కదా," అంది వినోద.

"నేను రాస్తే మా వాళ్లు ఎవరు వింటారండీ? మా కంపెనీలో నేను సొంతవాణ్ణే కదా."

వినోదకు ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. కౌశిక్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మీ తీర్పే ముద్రగా మా పెట్టెలోంచి వస్తే రెండ్రోజుల్లో ప్యానెల్ ఆగుతుంది," అన్నాడు.

"తీసినాక నాకు మిగులుతదా?"

అతను గ్లాసును బల్లమీద అటూ ఇటూ తిప్పాడు. "ఆదిలాబాదు దిక్కు ఓజులు ఇత్తడి బొమ్మలు పోస్తారు, చూశారా? ముందు మైనంతో బొమ్మ చేస్తారు. మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు."

"అంటే నేను మైనం."

"ఆ ఒక్క విద్య వరకేనండీ. చదువు, జ్ఞాపకాలు, మిగతావన్నీ అలాగే ఉంటాయి. పోయిన విద్య మళ్లీ నేర్చుకోవాలని చాలామంది చూశారు. ఎవరికీ రాలేదు."

వినోద కిటికీలోంచి బయటికి చూసింది. మొదటి షిఫ్టువాళ్లు నల్లటి మొహాలతో పైకి వస్తున్నారు. లైట్ల గదిలో టోపీ లైట్లు అప్పగించి, నీళ్ల పంపు దగ్గర తోసుకుంటూ నవ్వుకుంటున్నారు. ఇంకో గంటలో అదే ప్యానెల్‌లోకి రాజేశం వాళ్లు దిగుతారు. జి.ఎం.కు రాయొచ్చు, మళ్లీ రాయొచ్చు. గనుల భద్రతాధికారికి రాయొచ్చు, పోయినసారి రాసింది కూడా. ఆయన జి.ఎం.ను అడిగాడు, జి.ఎం. బయటి రిపోర్టు పంపాడు, ఆయన దాని మీద సంతకం పెట్టాడు. ఏ తలుపు తట్టినా అది తిరిగి ఇదే గదిలోకి తెరుచుకుంటోంది.

"ఎప్పుడు కూర్చోవాలె?" అని అడిగింది.

*

గెస్ట్‌హౌస్‌లో ఏసీ గది. టోపీ బరువుగా ఉంది, లోపల సన్నగా జుమ్మంటోంది. చెవుల్లోకి చప్పుళ్లు వదిలారు. అన్నీ ఆమె రికార్డు చేసినవే. పద్దెనిమిదేళ్లుగా ఇనుప పొన్ను వేసిన వెదురుకర్రతో తట్టి, అలవాటుగా దాచుకున్న చప్పుళ్లు.

టక్. "నిలుస్తుంది," అంది.

టక్. "నిలవదు. ఎడమ పక్క విడిపోయింది."

టక్. "నిలుస్తుంది కానీ నీళ్లు దిగుతున్నాయి. వానాకాలం చూసుకోవాలి."

మొదట్లో హాయిగానే ఉంది. పాత స్నేహితులు వరసగా వచ్చి పలకరించి పోతున్నట్టుంది. తర్వాత ఒక చప్పుడును మళ్లీ వినిపించారు, సరిచూసుకోవడానికట. అది ఇందాకటిదేనని కౌశిక్ చెబితే తప్ప ఆమెకు తెలియలేదు. ఎంత వినబోయినా కర్ర రాయికి తగిలిన చప్పుడే తప్ప అందులో ఇంకేమీ లేదు. పలికిన ప్రతిదీ పలికినప్పుడే పోతోంది.

ఒక్కటన్నా దాచుకోవాలనుకుంది. రెండో ప్యానెల్‌లో ఒక పైకప్పు ఉండేది, దాన్ని తడితే గుడి గంట దూరంగా మోగినట్టుండేది. పని లేకపోయినా పోయి తట్టి వచ్చేది. అది వినిపించినప్పుడు పెదాలు బిగపట్టి కూర్చుంది.

"చెప్పండి మేడమ్," అన్నాడు కౌశిక్. "ఒకటి ఆగితే మొత్తం చెల్లదు."

"నిలుస్తుంది," అంది వినోద. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి టోపీ అడ్డంగా ఉంది. "ఎన్నేళ్లైనా నిలుస్తుంది."

చివరగా ఏడో ప్యానెల్ చప్పుడు వచ్చింది. అప్పటికి ఆమెలో మిగిలింది అదొక్కటే. "అలిగింది సార్," అంది, ఎదురుగా సార్ ఎవరూ లేకపోయినా. "వెంటనే మనుషుల్ని తీసెయ్యాలి."

*

పెట్టెను జి.ఎం. బల్లమీద పెట్టారు. చిన్న హార్మోనియం పెట్టెంత ఉంది. దానికి ఎవరిదో గంభీరమైన మగ గొంతు అమర్చారు. అటెండరు కాసేపు తటపటాయించి, దాని ముందు కూడా ఒక పింగాణీ సెట్టు పెట్టి వెళ్లాడు.

ఏడో ప్యానెల్ చప్పుడు వినిపించగానే పెట్టె, "పైకప్పు అలిగింది సార్," అంది. "తడితే ఒక్క క్షణం ఆగి పలుకుతోంది. వెంటనే మనుషుల్ని తీసెయ్యాలి."

పురుషోత్తమరావు మొహం వెలిగిపోయింది. "ఎంత బాగా చెప్పిందయ్యా," అన్నాడు. "అలిగిందట. ఎంత టెక్నికల్ సంగతిని ఎంత తేలిగ్గా చెప్పింది. నోట్ చేసుకో వినోదా, చెప్తే ఇలా చెప్పాలి."

వినోద నోట్ చేసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియని మనిషి చేసే పని అంతకన్నా ఏముంటుంది?

ఆ సాయంత్రమే ప్యానెల్ ఆగింది. మూడోనాడు, లోపల పురుగు కూడా లేనప్పుడు, ఏడో ప్యానెల్ మొత్తం కూలింది. లోపలినుంచి తన్నుకొచ్చిన గాలి దెబ్బకు గని నోటిదాకా దుమ్ము లేచింది. జి.ఎం. ఆఫీసులో మిఠాయి పంచారు. పెట్టెకు బంతిపూల దండ వేసి ఫొటో తీసుకున్నారు. ఆ రాత్రి రాజేశం అన్నం తింటుంటే వినోద ఎదురుగా కూర్చుని చూసింది. అతను రెండోసారి పప్పు అడిగాడు, ఊరగాయలో నూనె తక్కువైందన్నాడు. చాలు, ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది.

"గా డబ్బా మంచిగనే చెప్పిందక్కా," అన్నాడు రాజేశం. "నీ మాటే చెప్పింది."

ఆమె అతనికి ఏమీ చెప్పలేదు. చెబితే, నా కోసం పోగొట్టుకున్నవా అని జన్మంతా కుమిలిపోతాడు.

రాజవ్వ దగ్గర మాత్రం దాగలేదు. ఎండాకాలం వచ్చాక ఆమె కూతుర్ని తీసుకుని సంతకు పోయింది, కుండ కొనడానికి. కుండను వేలితో కొట్టి చూసి కొనడం ఎవరైనా చేస్తారు గానీ, వినోద కొట్టి ఇచ్చిన కుండంటే వాడకట్టంతా కళ్లు మూసుకుని కొనేది. పక్కింటివాళ్లు ఇద్దరు తమకు కూడా చూసి తెమ్మన్నారు. వినోద ఒక్కొక్కటే ఎత్తి, కొట్టి, తల పక్కకు వంచి, మూడింటిని ఏరింది. తెల్లారేసరికి మూడు ఇళ్లలోనూ కుండల కింద నీళ్ల మడుగులున్నాయి.

రాజవ్వ తడి నేల తుడుస్తూ, "చెవులు చూపించుకుందామా బిడ్డా?" అంది.

"చెవులు మంచిగనే ఉన్నయే."

రాజవ్వ గుడ్డ పిండి, కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. "ఎవరికిచ్చినవే?" అని మాత్రం అడిగింది. వినోద తలుపు వేసుకుని, చిన్నప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది. ఆ తర్వాత ఆ ఇంట్లో కుండ మాట ఎవరూ ఎత్తలేదు. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసుకున్నారు.

*

అసలు బుద్ధి గడ్డి తిన్న పని ఆ తర్వాత జరిగింది. పెట్టె ఇంత పనికొచ్చినప్పుడు ప్రతిసారీ అద్దెకెందుకని బోర్డు దాన్ని పూర్తిగా కొనేసింది. స్టోర్సువాళ్లు దాని నెత్తిన తెల్ల రంగుతో కంపెనీ నంబరు వేశారు. వినోద గదిలోనే, కిటికీ పక్కన బల్లమీద దానికి చోటిచ్చారు. ఆమె చప్పుళ్లు తెచ్చి వినిపిస్తుంది, అది చెబుతుంది, ఆమె రాసుకుంటుంది. ఎప్పుడైనా అది, "నీళ్లు దిగుతున్నాయి, వానాకాలం చూసుకోవాలి," అంటే ఆమె కలం ఆగిపోయేది. తన మాటే, తనకే అర్థం కాకుండా వినడం ఎలా ఉంటుందో పగవాళ్లకు కూడా తెలియకూడదు.

వానలు మొదలయ్యాక పదకొండో ప్యానెల్‌లో పిల్లర్లు తవ్వడం మొదలుపెట్టారు. అందులోనూ రాజేశం గ్యాంగే. ఒక మధ్యాహ్నం వినోద తెచ్చిన చప్పుడు విని పెట్టె, "అలిగింది సార్," అంది. "ఏడోదానికన్నా ఎక్కువ అలిగింది. ఇవాళే తీసెయ్యాలి."

ఆమె పెట్టెను చంకన పెట్టుకుని జి.ఎం. ఆఫీసుకు పరుగెత్తింది. అది మళ్లీ అదే మాట చెప్పింది. పురుషోత్తమరావు కుర్చీలో వెనక్కి వాలాడు. అటెండరు వచ్చాడు. వినోద ముందు ఒక స్టీలు గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. పెట్టె ముందు ఈసారి ఏమీ పెట్టలేదు.

"నెలకు ఒకసారి అలిగిందంటోంది ఇది," అన్నాడు జి.ఎం. "మనది అయ్యాక దీనికీ మన గాలి సోకింది. బోర్డులో అడిగితే నేనేం చెప్పాలి, మన డబ్బా చెప్పింది ఆపేశానని చెప్పాలా? చెన్నై నుంచి కొత్తవాళ్లను పిలిపిస్తున్నాను. రేపు పదింటికి వస్తారు. అప్పటిదాకా నడవనీ."

"సార్, ఇవాళే అంటోంది సార్."

ఆయన ఆమెకేసి చూశాడు. ఏమనుకున్నాడో, గొంతు తగ్గించి, "సరే, దాన్ని వదిలెయ్. నువ్వేమంటావు? నీకు ఇంత అనుభవం ఉంది. నువ్వు విన్నావా?" అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో ఆ కుర్చీలోంచి ఆ ప్రశ్న రావడం అదే మొదలు.

"విన్నాను సార్," అని అబద్ధమాడింది. "నిలవదు."

పురుషోత్తమరావు జాలిగా తలాడించాడు. "కానీ ఈ డబ్బాలో ఉన్నది నీ బుర్రేనటగా, కాగితాల్లో చూశాను. ఒకే మనిషి రెండుసార్లు చెప్తే రెండు సలహాలవుతాయా అమ్మా? అందుకే బయటివాళ్లు కావాలనేది."

ఆమె పెట్టెను ఆయన బల్లమీదే వదిలేసి బయటికి వచ్చింది. అమ్ముకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. రెండో షిఫ్టు అప్పటికే దిగిపోయింది.

*

పదకొండో ప్యానెల్‌లో యంత్రం హోరుమంటోంది. వినోద దాని ముందుకు పోయి, కోయబోతున్న పిల్లరుకు వీపానించి కూర్చుంది. రాజేశం గభాల్న యంత్రం ఆపేశాడు. కోసేచోట గ్యాంగు కాని మనిషి ఎవరున్నా యంత్రం తిరగకూడదు. నల్లవాగు గనిలో ఎవరూ దాటని నియమం అదొక్కటి.

"డబ్బా ఇది నిలవదన్నది. రేపు పదింటిదాంక నేనీడనే కూసుంట," అంది గ్యాంగుతో. "మీరు పైకి పోండ్రి. మిమ్ముల్ని ఎవ్వరేమనరు, మీరు ఆగలే, నేను ఆపిన. బదిలీవాళ్లు దిగినా పని లేదు."

గని ఫోన్‌లో జి.ఎం. కేకలేశాడు. సస్పెండ్ చేస్తానన్నాడు. సెక్యూరిటీని పంపి లేపిస్తానన్నాడు. లేపించాలంటే ఆడ సెక్యూరిటీ కావాలి, గనిలోకి దిగే శిక్షణ ఉన్న ఆడ సెక్యూరిటీ కంపెనీలో లేరు. ఆ సంగతి ఆయనకు పక్కనున్నవాళ్లెవరో గుర్తుచేస్తుండగా వినోద ఫోన్ పెట్టేసింది.

గ్యాంగు ఒక్కొక్కరే సామాను సర్దుకుని కదిలారు. రాజేశం కదల్లేదు.

"నువ్వు సుత పోరా."

"నువ్వీడ కూసుంటె నేనెట్ల పోత?" అతను వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "కూలుతదన్నరు గదా. కూలేదాని కింద ఎందుకు కూసున్నవ్?"

"కూలుతదన్నది డబ్బా. నేను గాదు."

"అయితె నువ్వు చెప్పు."

అతను లేచి, గోడవార పెట్టిన ఆమె కర్ర తెచ్చి చేతికిచ్చాడు. వినోద దాన్ని అందుకుంది. వద్దంటే అతను కదలడు. నిజం చెబితే ఒక్కడే అసలు పోడు, ఆమెను భుజానేసుకుని పోతాడు. ఆమె లేచిన మరుక్షణం బదిలీ గ్యాంగు దిగుతుంది.

ఆమె లేచి నిలబడింది. కర్ర ఎత్తి పైకప్పును తట్టింది. ఎప్పటిలాగే తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని విన్నది. ఇంకోచోట తట్టింది, మళ్లీ విన్నది. చప్పుడు వచ్చింది, పోయింది. అందులో ఆమెకు ఏమీ లేదు. తమ్ముడు తన మొహంలోకే చూస్తున్నాడని కళ్లు తెరవకుండానే తెలుస్తోంది. కర్రను కదలకుండా గట్టిగా పట్టుకుంది.

"నిలుస్తది," అంది కళ్లు తెరిచి. "రేపు మాపటిదాంక ఢోక లేదు. డబ్బాకు పిచ్చిలేసింది. పో, అమ్మ ఒక్కతే ఉంటది."

"నిజంగనా?"

"నేను ఎన్నడన్న తప్పు చెప్పిన్నారా?"

రాజేశం ఒక్క క్షణం ఆలోచించాడు. అక్క ఎన్నడూ తప్పు చెప్పలేదు. అతని భుజాలు దిగాయి, మొహం తేటపడింది. "పొద్దుగాల అన్నం పట్కొస్త," అని, ఆమె నెత్తిమీది టోపీని సరిచేసి, సందువెంట నడిచిపోయాడు. ఆమె తీర్పును నమ్మి కదిలిన మనిషి ఆ గని మొత్తంలో అతనొక్కడే.

అతని లైటు మలుపు తిరిగేదాకా వినోద నవ్వుమొహంతోనే నిలబడింది. పైన ఎక్కడో రాయి చిటుక్కుమంది. అది మంచి చప్పుడో చెడ్డ చప్పుడో ఆమెకు తెలియలేదు. బ్యాటరీ పొద్దటిదాకా రావాలి కదా అని తన లైటు ఆర్పేసి, పిల్లరుకు ఆనుకుని కూర్చుంది.